దూర నోడి

"కళ్ళకి జబ్బేం లేదు" అంది డాక్టర్ షమీమ్
చుక్కల మందు రాస్తూ.
"ఇరవై నిమిషాలకోసారి దూర నోడి.
దూరం చూడండమ్మా, అంతే."
ఫీజు నాలుగు వందలు.
ఫోనుతోనే కట్టాను.

కగ్గదాసపురలో, రెండో అంతస్తులో,
నా కిటికీ తీస్తే పక్కింటి స్నానాల గది.
వాళ్ళు సబ్బు మార్చినప్పుడల్లా నాకు తెలుస్తుంది.
బాల్కనీలోంచి చెయ్యి చాపితే
ఎదుటి గ్రిల్లుకి ఆరేసిన బనీను తగుల్తుంది.
ఎక్కడని చూడను దూరం?

పగలంతా ఇన్సూరెన్సు క్లెయిములు, ఒక తెర.
రాత్రికి ఇంకో తెర.
నాకు తెలిసిన దూరమంతా
బొటనవేలి కింద జారుతూ ఉండేది:
లడాఖ్ రోడ్డు మీద ఎవరిదో బైకు,
ఎవరి పెళ్ళిలోనో పసుపు నీళ్ళు,
నేనెప్పటికీ వండని చేపల పులుసు
రోజుకి పదకొండు రకాలు.

ఆ రాత్రి ఫోనుని బియ్యం డబ్బాలో పాతి
మూత బిగించాను.
వేళ్ళు నిద్రపోలేదు.
దుప్పటి అంచుని పైకి నెడుతూనే ఉన్నాయి.
రెండింటికి లేచి, మా ఇంట్లో నేనే దొంగనై,
మోచేతిదాకా బియ్యంలో దించి బైటికి లాగాను.
ఏదైనా అర్జెంటు ఉండొచ్చు కదా!
ఉంది.
చెప్పుల మీద సగం ధర తగ్గింపు.

ఛార్జింగు కంతలో ఒక నూక ఇరుక్కుంది.
పిన్నీసుతో గెలుకుతూ కూర్చున్నాను,
తెల్లారేదాకా కాదుగానీ
సిగ్గుపడటానికి సరిపోయేంత సేపు.
నూక రాలేదు. ఛార్జింగు ఎక్కలేదు.
పొద్దున ఫోను ఇంట్లోనే ఉండిపోయింది.

సాయంత్రం వస్తుంటే రైలు గేటు పడింది.
రోజూ పడేదే.
స్కూటర్లు, క్యాబులు, గ్యాసు బండి, స్కూలు వ్యాను
గుర్రుమని ఆగి
అందరి మొహాల మీదా ఒక్కసారే నీలం వెలుగు.
నా చెయ్యి బ్యాగంతా తడిమి
ఖాళీగా తిరిగొచ్చింది.
ఏం చెయ్యాలో తోచక తల తిప్పాను.

పట్టాలు.
కంకర, పక్కన దుమ్ముకొట్టుకున్న ఆముదం మొక్కలు,
ఎర్రగా ఒక సిగ్నలు, దాని వెనక చిన్నగా ఇంకొకటి,
దాని వెనక
ఆకాశం వంగి నేలతో ఏదో మాట్లాడుతున్న చోటు.
కళ్ళు పోయాయి.
అమ్మ తిట్టే అర్థంలో కాదు.
నడుచుకుంటూ, పట్టాల వెంటే, పోతూనే ఉన్నాయి.
ఏ గోడా అడ్డం రాలేదు.
కనుబొమల మధ్య ఎన్నేళ్ళ నాటిదో ఒక ముడి
తడిసిన తాడులా నెమ్మదిగా వదులైంది.

రైలొచ్చింది. పోయింది. గేటు లేచింది.
వెనక హారన్లు, ఎవరో కన్నడంలో తిట్టారు.
పక్కకి జరిగి నిలబడ్డాను.

ఇప్పుడు కావాలనే ఫోను లేకుండా వెళ్తున్నాను,
వారంలో నాలుగు రోజులు.
గేటు మనిషి నంజుండప్పది బాగేపల్లి తెలుగు:
"ఏమక్కా, దినామూ వస్తావు,
ఎవురన్నా దిగతారా?"
"లేదన్నా. చూసేదానికి."
"ఈడ ఏముంది చూసేదానికి?"
"దూరం."
ఆయన నవ్వలేదు.
పచ్చ జెండా చుట్టుకుంటూ అటు తిరిగి చూశాడు,
ఇరవయ్యేళ్ళ కిందట అక్కడే పెట్టి
మర్చిపోయిన వస్తువు కనపడినట్టు.

గెలిచానని చెప్పను.
మొన్న ఆదివారం మూడు గంటలు ఎటు పోయాయో
ఆ చేపల పులుసునే అడగాలి.
గేటు దగ్గర పైవంతెన కడతారట.
ఇక ఎవ్వరూ ఆగక్కర్లేదట.

చుక్కల మందు సీసాలో ఇంకా సగం ఉంది.
బియ్యం నిన్ననే నిండుకున్నాయి.
రాత్రుళ్ళు ఖాళీ డబ్బా అడుగున
ఒళ్ళంతా తవుడుతో ఫోనొక్కటే పడుకుంటోంది.
మోగితే డబ్బా మొత్తం మోగుతుంది.
మోగనీ.